లక్ష్మి గడియలో నేను అమ్మని షేర్లు

నన్ను హేతువాది అని సభకు పరిచయం చేసిన ప్రతిసారీ నాలో ఒకడు “అబద్ధం” అంటాడు. ఏళ్లుగా వాణ్ణి మోస్తున్నాను. ఇవాళ వాడి చేతికి మైకు ఇస్తున్నాను. భయంతో కాదు, ఉత్సాహంతో.

ఆస్పత్రిలో ఆయాగా చేసి రిటైరైన మా అక్క తన డబ్బు నా ఖాతాలో పెట్టింది. సగం షేర్లు, సగం డిపాజిట్. షేర్లు పెరిగి సగం దాటితే, దాటినంత అమ్మి డిపాజిట్లో వెయ్యాలి. నేను పెట్టిన నియమమే. అమ్మే వేళ కూడా కావాలనే ఎంచాను: దీపావళి సాయంత్రం ముహూర్తం పేరుతో మార్కెట్ తెరిచే గంట, వ్యాపారులు శుభమని ఒక్క షేరైనా కొనే గంట. వాళ్లంతా కొంటుంటే నేను అమ్మేవాణ్ణి. ముహూర్తాల మీద అది నా ఏటేటి ఉపన్యాసం.

ఆ ఏడు మార్కెట్ ఎన్నడూ లేనంత ఎత్తుకెక్కింది. అక్క జల్‌పల్లిలో రేకుల కింద ఉంటోంది. “షేర్లన్నీ అమ్మెయ్ తమ్మీ. ఎండలు ముదరకముందే స్లాబు ఏసుకోవాలె” అంది.

దీపావళి సాయంత్రం, బట్టల వ్యాపారి అయిన నా స్నేహితుడి దుకాణంలో లక్ష్మీపూజ ముగిసింది. అందరి ఫోన్లలో అంకెలు ఎగబాకుతున్నాయి. ఏం సంబరం అది! నా ఒళ్లూ పులకరించింది.

“ఏందన్నా, ఈసారి గూడ అమ్ముడేనా?” అన్నాడు స్నేహితుడు.

“అమ్ముడే. కొనెతందుకు మీరున్నరు గద.”

“ఇంటికొచ్చిన లక్ష్మిని ఎల్లగొట్టెటోన్ని నిన్నే చూసిన భాయ్. నీ పైసలైతే నీ ఇష్టం. గవి అక్కవి.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే ఫోన్ జేబులో పెట్టుకున్నాను.

ఆశ పడ్డానా? ఆశ అయితే ఎప్పుడో చెప్పేసేవాణ్ణి. భయపడ్డాను. ఆ గడియలో అమ్మితే అక్కకు కీడు జరుగుతుందేమోనని, ముప్పై ఏళ్లుగా కీడును వెక్కిరించిన నేను భయపడ్డాను. అక్కకు మాత్రం “అమ్మిన” అని చెప్పాను. మరి తర్వాతైనా ఎందుకు అమ్మలేదు? ధరలు ఇంకా పెరిగాయి. పెరిగిన కొద్దీ ఆ గడియే మమ్మల్ని కాపాడిందని లోలోపల నమ్మాను.

తర్వాత మార్కెట్ కూలింది. అక్క స్లాబుకు డబ్బడిగితే “అమ్మిన పైసలు గూడ డిపాజిట్ల ఏసిన, గడువు తీరలే అక్కా” అని ఇంకో అబద్ధం ఆడాను. ధరలు కోలుకుని స్లాబు పడేలోగా అక్క రెండు ఎండాకాలాలు తడిగుడ్డ నెత్తిన వేసుకుని రేకుల కింద పడుకుంది. ఒక్కసారీ నిష్ఠూరమాడలేదు. పైగా చుట్టుపక్కల అందరికీ చెబుతుంది: “లోకమంత మునిగినా మా తమ్ముని తెలివితోని నా పైసలు ఆగం గాలే.”

ఇది పేరు లేకుండా, నా వ్యాసాలు వచ్చే పత్రికకే పంపుతున్నాను. నా వ్యాసాలన్నీ అక్క పక్కింటివాళ్లకు గట్టిగా చదివి వినిపిస్తుంది. పేరు లేకున్నా ఆ పత్రికలో వచ్చిందని ఇదీ చదువుతుంది. ఎక్కడో మధ్యలో, ఇది తన కథేనని తెలిసి, ఆమె గొంతు ఆగుతుంది. ఆగనీ.