మేనేజరును తిట్టిన బస్సు

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో, పార్వతీపురం పోటీల్లో మా పాచిపెంట ఫుట్‌బాల్ జట్టు మళ్ళీ ఓడిపోయింది. ఆట చూసి తిరిగొస్తూ బస్సులో అందరం మేనేజరును తిడుతున్నాం.

"బ్యాకులిద్దరూ గుంజల్లా నిలబడిపోనారు. అసలాళ్ళనెందుకు దింపాడు?" అన్నాను.

"గోలీ మాత్రం? బంతి పక్కనుంచే పోతన్నా ఒంగలేదు!" అన్నాడు మా బావ.

మందులపెట్టె ఒళ్ళో పెట్టుకుని ముందు సీట్లో కూర్చున్న ఎవరో ముసలి కాంపౌండరు వెనక్కి తిరిగాడు.

"పొద్దున్న ఆళ్ళకి క్వినైను ఇచ్చింది నేనే, బాబూ. పదకొండు మందిలో తొమ్మిది మందికి సలిజరం. మీ మేనేజరు ఇంకెవుల్ని దింపుతాడు?"

ఆయన నా నుదురు తాకి, కింది రెప్ప లాగి చూసి, రెండు క్వినైను బిళ్ళలు చేతిలో పెట్టాడు. తర్వాత మా బావకు. తర్వాత వెనక సీటుకు.

పాచిపెంట ఇంకా దూరముండగానే పెట్టె ఖాళీ అయింది.