వానను చూసి వేసిన తోట

మార్కాపురంలో మేం కట్టిన కాలేజీ భవనానికి తోట పెంచిన పెద్దమ్మ పోయిన ఆదివారం కన్నుమూసింది. కొమరోలు నుంచి ఆమె కోడలు ఫోన్ చేసి, "సార్, మా అత్త తెల్లారుజామున పోయింది. మీకు చెప్పకుంటే ఆమె ఊరుకోదని చేసినా" అన్నది. పోయిన మనిషి ఊరుకోకపోవడమేమిటని నాకు అనిపించలేదు. ఆమె అలాంటి మనిషే.

పెద్దమ్మ నాకు చుట్టం కాదు. ఆ సైటుకు నేను ఇంజనీరును, ఆమె తోటమాలి. భవనానికి గ్రీన్ బిల్డింగ్ సర్టిఫికెట్ తేవడం నా బాధ్యత. డాబా మీద పడిన వానంతా నేలలోని సంపుకు పట్టి, ఆ నీళ్లతోనే మొక్కలు బతికిస్తామని కాగితాల్లో రాసిచ్చాను. రాసిన చేత్తోనే ముందు భాగమంతా లాన్ గీశాను. పెద్దమ్మ నడుముకు చేతులు పెట్టుకుని, "ఇది తాగుబోతు గడ్డి నాయనా. మన వాన చాలదు" అన్నది. నేను వింటానా, చదువుకున్నవాణ్ణి కదా.

ఆమె పొద్దున్నే వచ్చి ప్రతి మొక్క మొదట్లో వేలు గుచ్చి చూసేది. తడి ఉంటే దాటిపోయేది. "దప్పి లేనోళ్లకు చెంబు ఇయ్యకూడదు" అనేది. మధ్యాహ్నం నాకో జొన్నరొట్టె ముక్క మాత్రం ఆకలి ఉందో లేదో అడక్కుండానే పెట్టేది.

ఎండాకాలానికి సంపు అడుగంటింది. సరిగ్గా తనిఖీ వాళ్లు వచ్చే వారం లాన్ పండుబారింది. బోరు పైపు తెచ్చి సంపులో కలిపించాను. మూడు రోజులకు పెద్దమ్మ నన్ను పిలిచి, తోట దారికి పరిచిన నల్ల పలకరాళ్లను చూపించింది. వాటి మీద తెల్లటి ఉప్పు పొర కట్టింది. మా వైపు బోరు నీళ్లు పడినచోటల్లా అంతే.

"వాన నీళ్లకు బండ తెల్లబడదు నాయనా."

"రెండు రోజులు నోరు మెదపొద్దు పెద్దమ్మా. ఈ కాగితం రాకుంటే నా ఉద్యోగం పోతాది."

"నేనై మెదపను. వాళ్లడిగితే మాత్రం అబద్ధం చెప్పలేను." పలకరాయి మీది తెల్లటి పొరను వేలితో గీకుతూ మళ్లీ అన్నది: "మా చేలో వానను జూసి పంట యేస్తాం. పంట యేసి వానను తెమ్మంటే యాడ తెస్తాం?"

తల కొట్టేసినట్టయింది. కోపమూ వచ్చింది. కానీ తనిఖీ రోజున నా నోటితోనే నిజం చెప్పాను. ఆమె పక్కనే నిలబడి కొంగు మెలిపెడుతూ ఉంది. సర్టిఫికెట్ ఆగిపోయింది. పైవాళ్ల చేత నానా మాటలు పడ్డాను. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియని ఆ రోజుల్లోనే పెద్దమ్మ లాన్ పెరికించి, తక్కువ వానకే బతికే తంగేడు, గన్నేరు, కానుగ పెట్టించింది. మరుసటి ఎండాకాలం సంపులో ఇంకా నీళ్లుండగానే సర్టిఫికెట్ వచ్చింది. నా సంతకమున్న ఆ కాగితాల్లో అబద్ధం లేకుండా చేసినందుకు ఆమెకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. బతికుండగా ఒక్కటీ పెట్టలేదు.

ఆ ఆదివారం నేను కొమరోలు చేరేసరికి వాన మొదలైంది. జనమంతా పంచలోకి జరిగారు. పెద్దమ్మ ఆఖరి స్నానానికి నీళ్లు కావాలని ఎవరో అన్నారు. కోడలు ఏడుపు ఆపుకుని లేచి, రేకుల చూరు కింద ఉన్న బిందెను పక్కకు తీసింది. చూరు నుంచి కారే మట్టినీళ్లను కాసేపు వాకిట్లోకి పోనిచ్చింది. ధార తేటపడ్డాకే బిందెను దాని కిందికి జరిపింది. అది నిండాక నేనే ఎత్తి పెద్దమ్మ దగ్గరికి తెచ్చాను.