ఫ్లాప్ అన్న మాట

2006లో నేను ఖమ్మంలో ఒక ఆసుపత్రి సర్జికల్ వార్డులో హెడ్ నర్సుని. టేకులపల్లి, భద్రాచలం వైపు అడవి పల్లెల నుంచి నోటి క్యాన్సర్ రోగులు మాకు తరచూ వచ్చేవారు. పుండును నెలల తరబడి పసరు మందులతో నెట్టుకొచ్చి, దవడ బిగుసుకుపోయి ముద్ద దిగనప్పుడు బయల్దేరేవారు. నాకు కోపం వచ్చేది. అది ఎవరి మీద చూపించాలో తెలియక వార్డులో అందరి మీదా చూపించేదాన్ని.

వీరస్వామి అలా వచ్చినవాడే. సారపాక కాగితం మిల్లుకు వెళ్లే వెదురు లారీలకు లోడింగ్ చేసేవాడు. ఎడమ బుగ్గలో ఎప్పుడూ పొగాకు ఉండేది. సర్జన్ గారు ఆ బుగ్గ లోపలి భాగాన్నీ, దవడ ఎముకలో కొంతనీ తీసేశారు. ఛాతీ మీది చర్మాన్ని కండతో సహా లేపి, మెడ చర్మం కిందుగా నోట్లోకి తెచ్చి, ఆ ఖాళీలో కుట్టారు. దాన్నే మేం ఫ్లాప్ అంటాం. తన రక్తనాళంతోనే వస్తుంది కాబట్టి కొత్త చోట బతుకుతుంది. మొదటి రోజుల్లో మా పనంతా దాన్ని కనిపెట్టి ఉండడమే. రంగు చూస్తాం, సన్నని సూదితో గుచ్చుతాం, ఎర్రటి రక్తం వస్తే ఊపిరి పీల్చుకుంటాం.

గొంతులో ఊపిరి కోసం పెట్టిన ట్రాకియాస్టమీ గొట్టం ఉండడంతో అతనికి మాట రాదు. తిండి ముక్కులో వేసిన రైల్స్ ట్యూబ్ గుండానే. అంతా బాగుందనుకుంటుండగా ఉన్నట్టుండి ట్యూబులో తిండి పోయబోతే నా చేయి తోసేయడం మొదలుపెట్టాడు. తిండి లేకపోతే గాయం మానదు, కుట్లు విడిపోతాయి, ఇంత చేసిందీ బూడిదలో పోసినట్టే. బతిమాలాను, కసిరాను. ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు.

మర్నాడు అతని భార్య మంగమ్మ నన్ను వరండాలోకి పిలిచింది. అప్పటికే బట్టలు మూట కట్టేసింది.

“సిస్టరమ్మా, డాక్టర్లు రోజూ మంచం కాడ నిలబడి ఫ్లాపు, ఫ్లాపు అంటుండ్రు. సిన్మా పోతే ఫ్లాపయ్యిందంటరు, గంత తెల్వదా మాకు? ఇంటికి తోలుకపోత. ఆయనకు మాత్రం చెప్పకుండ్రి.”

ముందు నవ్వు రాబోయింది. అంతలోనే తట్టింది. అతని నోరే కదా మూసింది, చెవులు కాదు. ఆమె విన్నదంతా అతనూ విన్నాడు. ఒకరికి తెలియకుండా ఒకరు దాచుకుంటున్నారు.

ఆమె చేయి పట్టుకుని లోపలికి తీసుకెళ్లాను. ఫ్లాప్ అంటే పోయిందని కాదు, నీ ఛాతీ నుంచి తెచ్చి వేసిన అతుకు పేరే అది, బతికే ఉంది అని అతనికే చెప్పాను. నమ్మలేదు. బుగ్గ చూపించి, అక్కడ ఏమీ తెలియడం లేదని చేయి ఊపాడు. అతుకుకు స్పర్శ ఉండదు. సూది గుచ్చినా నొప్పి పుట్టకపోయేసరికి చచ్చిపోయిందనే అనుకున్నాడు.

అద్దం చేతికిచ్చాను. ఆపరేషన్ తర్వాత తన ముఖం తను చూసుకోవడం అదే మొదలు. వాచిపోయిన ఆ ముఖం చూసి ఏమైపోతాడోనని భయపడ్డాను. మంగమ్మ టార్చి పట్టుకుంది. గుచ్చాను. కాసేపటికి ఎర్రటి చుక్క ఉబికింది. అద్దంలో దాన్నే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత నా మణికట్టు పట్టుకుని, మళ్లీ గుచ్చమని సైగ చేశాడు. మళ్లీ గుచ్చాను. అప్పుడు మంగమ్మను దగ్గరికి లాగి చూడమన్నాడు. ఆమె టార్చి నా చేతికిచ్చేసి, మంచం పక్కన కూలబడి ఏడ్చింది. ఆ పూట అతను నా చేయి తోయలేదు.

అప్పటి నుంచి మా వార్డులో రోగుల దగ్గర అతుకు అనే అనేవాళ్లం. మాట రాని మనిషి మంచం దగ్గర ఏం మాట్లాడినా అతనితోనే మాట్లాడాలని నేను నేర్చుకున్నాను.

వీరస్వామి చాలా ఏళ్లు బతికాడని రాయలేను. ఇంటికెళ్లి, ముద్ద మింగి, మాట తెచ్చుకున్నాక జబ్బు మెడలో మళ్లీ వచ్చింది. ఈసారి వరండాలోకి ఎవరినీ పిలవలేదు. సర్జన్ గారూ నేనూ అతని పక్కన కూర్చుని అతనికే చెప్పాం. అంతా విన్నాడు. తలుపు అవతల, మా మాటలు వినపడనంత దూరంలో నిలబడ్డ భార్య వైపు ఒకసారి చూసి, ముద్దగా వచ్చే ఆ మాటతో అన్నాడు.

“దానికి నేను చెప్త.”