తరగని బియ్యం కుండ

పోయిన నెల మా ఊరి చర్చిలోంచి టేకు బల్లను తీసేశారు. కొత్తగా ప్లాస్టిక్ కుర్చీలు వచ్చాయని, ఆ బల్ల ఒక్కటీ మధ్యలో ఉంటే వరస కుదరడం లేదని కమిటీవారు ఎంతో మర్యాదగా నాతో చెప్పి, కావాలంటే చోడవరంలో నేనుంటున్న అద్దె ఇంటికి ఆటోలో వేసి పంపుతామన్నారు. రెండు గదుల ఇంట్లో ఎనిమిది అడుగుల బల్ల ఎక్కడ వేసుకోను? వద్దన్నాను. ఆ ఆదివారం అందరిలాగే నేనూ నీలం రంగు కుర్చీలో కూర్చున్నాను గాని, ఆరాధన ముగిసేవరకూ నా మనసు ప్రసంగం మీద నిలవలేదు.

ఆ బల్ల మా తాతగారు చేయించినది. ఆయన ప్రభువును నమ్ముకున్న రోజుల్లో మా పొలం ఊరి చెరువు గట్టునుంచి గోవాడ రోడ్డు దాకా ఉండేదట. చర్చికి స్థలం ఇచ్చినదీ, గోడలకు రాయి తోలించినదీ ఆయనే. అందుకని వేదిక పక్కనే మా కుటుంబానికి ఆ బల్ల వేశారు. మిగిలిన సంఘమంతా తాటాకు చాపలమీద కూర్చునేది. ప్రార్థన వేళ అందరూ మోకరిస్తే మేము కూర్చున్నచోటే తల వంచేవాళ్ళం. అది తప్పని మాకు ఎవరూ చెప్పలేదు, మాకూ తోచలేదు. వీపు ఆనించకుండా నిటారుగా కూర్చోవాలని నాన్నగారు నా ఐదో ఏటనే నేర్పారు. మనం ఇచ్చే ఇంటివాళ్ళం, పుచ్చుకునే ఇంటివాళ్ళం కాదన్న సంగతిని కూడా ఆ వయసులోనే నేర్పారు. దేవుని మీద ఆధారపడడమంటే మనిషి మీద ఆధారపడకపోవడమేనని నేను అప్పటినుంచీ అర్థం చేసుకున్నాను. నా ఈడువారిలో చాలామంది అలాగే పెరిగారని నాకు తెలుసు.

దాయాదుల వ్యాజ్యాలలో పొలం కరిగిపోయింది. నాన్నగారు పోయి, నాకు పెళ్ళయ్యేనాటికి మిగిలినది రెండెకరాల చెరకు, పెంకు జారుతున్న ఒక ఇల్లు, చర్చిలో ఆ బల్ల. నా భార్య రోలుగుంట వైపు ఒక బడిపంతులుగారి అమ్మాయి. పెళ్ళయిన మొదటి ఆదివారం ఆమె బల్లమీద నా పక్కన కూర్చుంది. రెండో ఆదివారం తిన్నగా వెళ్ళి చాపమీద ఆడవాళ్ళ మధ్య కూర్చుంది. ఇంటికొచ్చాక అడిగితే, అక్కడ పాట బాగా వినబడుతుందని చెప్పింది. ఆమె గొంతు మంచిది. నాకు మాత్రం అది నచ్చలేదు.

ఆ రోజుల్లో మా సంఘంలో పిడికెడు బియ్యం అని ఒక అలవాటు ఉండేది. పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ఆడవాళ్ళు ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి దేవుని పేరిట వేరే ముంతలో వేసేవారు. శనివారం నాటికి ఎంత పోగైతే అంత చర్చికి తెచ్చి ఒకే డబ్బాలో పోసేవారు. ఎవరింట్లో పొయ్యి వెలగడం లేదో ఆడవాళ్ళకు ఎలాగో తెలిసేది. ఆ డబ్బా ఆ ఇంటికి వెళ్ళేది. తాతగారి కాలంలో మా ఇంటినుంచి దానికి బస్తా వెళ్ళేది. నా కాలానికి నా భార్య వేసే పిడికెడే మిగిలింది. అయినా డబ్బా పట్టుకుని ఇంటింటికీ తిరిగే పని ఆమె ఎంతో ఇష్టంగా చేసేది.

మా పెళ్ళయిన మూడో ఏడు చెరకుకు ఎర్రకుళ్ళు తెగులు తగిలింది. గడను చీలిస్తే లోపల ఎర్రగా, పుల్లటి వాసన వేసేది. ఫ్యాక్టరీకి తోలడానికి ఒక్క బండి కూడా మిగల్లేదు. సరిగ్గా అప్పుడే నా భార్యకు టైఫాయిడ్ వచ్చి మంచాన పడింది. ఇంట్లో బియ్యం నిండుకోబోతున్నాయి. మూడు రోజులు నేను ఉపవాసముండి ప్రార్థన చేసిన మాట నిజం. దారి చూపించమని, బలమిమ్మని అడిగాను. ఇంకో మాట కూడా అడిగాను. ఎవరి గుమ్మమూ తొక్కే గతి నాకు పట్టనివ్వవద్దని అడిగాను. కన్నీళ్ళతోనే అడిగాను, అందులో కపటం లేదు.

నాలుగో రోజు పొద్దున ఆడవాళ్ళు ఐదుగురు డబ్బా తీసుకుని మా వీధి గుమ్మంలోకి వచ్చారు. ముందు నిలబడినామె చెరకు కొట్టే మనుషులకు పెద్ద. మాకు చుట్టం కాకపోయినా ఊరంతా ఆమెను పెద్దమ్మ అనే పిలిచేది. నేను అడ్డంగా నిలబడి, మాకు దేవుడున్నాడని, ఆయనే చూసుకుంటాడని, ఆ బియ్యం అవసరమున్న ఇంటికి తీసుకువెళ్ళమని చెప్పాను. గొంతు పెంచలేదు. మా ఇంట్లో ఎవరూ గొంతు పెంచేవారు కాదు.

పెద్దమ్మ నా మొహంలోకి చూసి, “దేవుడుండబట్టే కద బాబూ మేం వచ్చేం. ఆయన మరెలాగొస్తాడు, బస్సెక్కి వస్తాడేటి?” అంది.

వెనకనున్న ఆడవాళ్ళు నవ్వారు. నేను తలుపు దగ్గరికి వేశాను. లోపల మంచం మీదనుంచి నా భార్య ఇదంతా వింది. నావైపు చూసి, గోడవైపు తిరిగి పడుకుంది.

ఆ తర్వాత జరిగినదాన్నే నేను ముప్ఫై ఏళ్ళకు పైగా దేవుని అద్భుతమని చెప్పుకున్నాను. ఉద్యోగం కోసం నేను రోజూ పొద్దున్నే చోడవరం నడిచి వెళ్ళి సాయంత్రానికి తిరిగి వచ్చేవాణ్ణి. ఇంట్లో ఉన్న బియ్యం వారం రోజులకు మించి రావని నా లెక్క. వారం గడిచింది, నెల గడిచింది, నా భార్య జ్వరం తగ్గి లేచి తిరిగింది, కుండ మాత్రం అడుగంటలేదు. జ్వరంలోనూ ఆమే లేచి వండేది, వంటింట్లోకి వెళ్ళి కుండలో చెయ్యి పెట్టి చూడడం మా ఇంటి మగవాళ్ళకు అలవాటు లేదు. అడిగితే నా భార్య, ఇంకా ఉన్నాయండీ అనేది. అన్నం మాత్రం విచిత్రంగా ఉండేది. కొన్ని మెతుకులు చిదిమితే చితికిపోయేవి, కొన్ని పలుకుగా పంటికి తగిలేవి. మధ్యమధ్య ఎర్రటి గింజలు, నూకలు. అన్నం వండడం కూడా రాదా అని రెండు మూడుసార్లు కసురుకున్నాను. కుండ అడుగు బియ్యం అలాగే ఉంటాయండీ అని తల వంచుకుని వడ్డించేది. అలా ఐదు నెలలు గడిచాక నాకు చోడవరంలో ఒక ఎరువుల దుకాణంలో గుమాస్తా పని దొరికింది.

ఆ ఏడు కోతపండుగ ఆరాధనలో సాక్ష్యం చెప్పడానికి లేచాను. మా సంఘంలో ఎవరికి దేవుడు చేసిన మేలు వాళ్ళు నిలబడి చెప్పడం ఆనవాయితీ. నేను బల్ల దగ్గర నిటారుగా నిలబడి, నరుని సాయం ఒక్కటి కూడా పుచ్చుకోకుండా దేవుడు ఒక్కడే మా ఇంటిని ఐదు నెలలు పోషించాడని, మా బియ్యం కుండను తరగనివ్వలేదని చెప్పాను. చాపలమీదనుంచి స్తోత్రం, స్తోత్రం అని గట్టిగా వినబడింది. కొందరు ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. వాళ్ళు కన్నీళ్ళు పెట్టుకుంటున్నారనుకుని నా గొంతు కూడా బొంగురుపోయింది. ఆరాధన అయ్యాక మెట్ల దగ్గర పెద్దమ్మ నన్ను ఆపి, “బాబూ, కుండ సంగతి బాగా సెప్పేవు. ఓపాలి దాన్ని మా కొంపకి కూడా అంపు, మేమూ సూస్తాం” అంది. పాపం బీదరాలు, విశ్వాసంతో అడిగిందనుకుని, ప్రార్థన చేసుకో, దేవుడు నీకూ చేస్తాడని చెప్పి వచ్చేశాను.

అప్పటినుంచి ప్రతి కోతపండుగకూ నా సాక్ష్యం ఉండేది. పాస్టర్లు మారేవారు, కొత్తగా వచ్చిన పాస్టరుగారికి ఎవరో ఒకరు నా సాక్ష్యం గురించి చెప్పేవారు. పక్క ఊళ్ళ కూడికలకు కూడా పిలిచి చెప్పించారు. ఆ ఏడాదితోనే నా భార్య డబ్బా పట్టుకుని తిరగడం మానేసింది. చాప విడిచి వచ్చి బల్లమీద నా పక్కన కూర్చోవడం మొదలుపెట్టింది. ఇన్నాళ్ళకు మా ఇంటి గౌరవం ఆమెకు తెలిసివచ్చిందని లోలోపల సంతోషించాను. నేను సాక్ష్యం చెబుతున్నంతసేపూ ఆమె తల ఎత్తేది కాదు. అది భక్తి అనుకున్నాను.

నా భార్యకు గుండె జబ్బు ముదిరిన రోజుల్లో మేము చోడవరంలోని ఈ ఇంటికి వచ్చేశాం. ఒక మధ్యాహ్నం నేను మందులిచ్చి మంచం పక్కన కూర్చుంటే, చాలాసేపు నా చెయ్యి పట్టుకుని, “ఒక మాట చెప్తాను. ముందు మీరు అలా బిగుసుకుని కూర్చోకండి” అంది.

చెప్పమన్నాను.

“ఆ కుండ ఊరికే నిండలేదండీ. మీరు చోడవరం వెళ్ళేక పెద్దమ్మోళ్ళు పెరటి గుమ్మంలోంచి వచ్చి పోసి వెళ్ళేవారు. వారం వారం.”

అప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగాను.

“చెప్తే తిప్పి పంపేసేవారు. తర్వాత మీరు సాక్ష్యం చెప్పేసేరు, ఇంకేం చెప్పను? నేను పెద్దమ్మ దగ్గర ఏడిస్తే, సెప్పకమ్మా, నింపింది దేవుడే కద, బాబు అబద్ధం ఏటాడేడు అంది. ఇరవై ఇళ్ళ బియ్యం ఒక ఎసట్లో పోస్తే ఒక్కలా ఎలా ఉడుకుతాయండీ. మీరు అన్నం బాలేదని కసిరినప్పుడల్లా, హమ్మయ్య, అంతవరకే కనిపెట్టేరు అనుకునేదాన్ని.”

నాకు ఆ కొంగులు గుర్తొచ్చాయి. వాళ్ళంతా ఏడ్చారు కదా అన్నాను.

“ఏడుపు కాదండీ, నవ్వు,” అని ఆమె కూడా కొంచెం నవ్వి, ఆయాసంతో ఆగిపోయింది. అంతమందికి అబద్ధం వినిపిస్తూ వాళ్ళ మధ్య చాపమీద కూర్చోలేక బల్లమీదకు వచ్చానని, వాళ్ళ బియ్యం అడగడానికి మొహం చెల్లక డబ్బా మానేశానని తర్వాత మెల్లగా చెప్పింది. ఆమె నన్ను కోరింది ఒక్కటే. పెద్దమ్మ ఇంకా బతికే ఉంది, వెళ్ళి ఒక్కసారి కనబడి రమ్మంది.

వెళతానన్నాను. వెళ్ళేముందు ప్రార్థన చేశాను. ఏ మాటలతో చెప్పాలో నడిపించమని, తగిన సమయం చూపించమని అడిగాను. రోజులు గడుస్తున్నాయి, సమయం నాకు కనబడలేదు. ఒకసారి ఊరికి వెళ్ళి వాళ్ళ సందు మొదటిదాకా నడిచాను. వాకిట్లో మంచం మీద కూర్చుని ఆమె ఎండ కాచుకుంటోంది. పక్కన మనవలు, ఇరుగుపొరుగు ఉన్నారు. అంతమంది ముందు చెప్పే మాట కాదని, దేవుడు ఇంకా దారి తెరవలేదని నాకు నేను చెప్పుకుని వెనక్కి తిరిగాను. ఇంటికొస్తే నా భార్య, కనబడ్డారా అని అడిగింది. లేదన్నాను. ఆమె గోడవైపు తిరిగి పడుకోలేదు. నావైపే చూస్తూ ఉండిపోయింది. అదే ఎక్కువ కష్టమనిపించింది.

ఆ వానాకాలంలో నా భార్య పోయింది. నలభై రోజులు తిరక్కుండా పెద్దమ్మ కూడా పోయింది. సమాధి దగ్గర పాస్టరుగారు, సంఘపెద్దగా రెండు మాటలు చెప్పమని నన్నే అడిగారు. కష్టజీవి, విశ్వాసురాలు అని చెప్పాను. నోటిదాకా వచ్చిన మాట అక్కడే ఆగింది. చినుకుల్లో గొడుగు పట్టుకుని, నడుము వంచకుండా నిలబడి, మట్టి వేసి వచ్చాను. దేవుడు ఆరోజు బలమివ్వలేదని నేను అనలేను. ఆయన ఇచ్చే బలం నా నడుము నిలబెట్టడానికే అనుకుంటూ ఇంతకాలం బతికాను గాని, వంచడానికి కూడా ఆయననే అడగాలన్న సంగతి నాకు తెలియలేదు.

మొన్న ఆదివారం, ఎవరూ పిలవకుండానే, ఆ నీలం కుర్చీలోంచి లేచి మొత్తం చెప్పాను. గుమ్మం దగ్గర నేనన్న మాట, పెరటి గుమ్మం, ఉడికీ ఉడకని అన్నం, చెప్పిన తప్పు సాక్ష్యాలు, వెనక్కి తిరిగిన సందు, ఏదీ దాచలేదు. చివర్లో మోకరించబోతే మోకాళ్ళు సహకరించక ఇద్దరు పట్టుకోవలసి వచ్చింది. పట్టుకోనిచ్చాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆరాధన అయ్యాక విశాఖలో ఉద్యోగం చేసే ఒక కుర్రవాడు నా చెయ్యి పట్టుకుని, “బాగా చెప్పేరు తాతగారూ. పిడికెడు బియ్యం అంటే ఏటండి?” అని అడిగాడు. వివరంగా చెప్పాను. “ఇప్పుడు అందరికీ రేషన్ వస్తంది కదండి,” అన్నాడు. నిజమే. పొయ్యి వెలగని ఇల్లు ఇప్పుడు మా ఊళ్ళో లేదు, అందుకు దేవునికి స్తోత్రం. కానుక కూడా ఫోన్లోనే వేస్తున్నారు. ఎవరింట్లో ఏం జరుగుతోందో ఎవరికీ తెలియదు, తెలుసుకోవలసిన అవసరమూ లేదు.

ఆటో కోసం రోడ్డు మీద నిలబడి లెక్క పెట్టుకున్నాను. డబ్బా తెచ్చిన ఆ ఐదుగురిలో ఒక్కరూ లేరు. ఆ మొదటి సాక్ష్యం నాడు చాపలమీద కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వినవాళ్ళలోనూ ఎవరూ లేరు. ఒకరు పోయారు, ఒకరు కొడుకుతో గాజువాక వెళ్ళి అక్కడే పోయారు, అలా అలా అందరూ. ఒప్పుకోవలసినది ఒప్పుకున్నాను. దేవుడు క్షమించాడనే నమ్ముతున్నాను. కాని నా మాటలు విని, “మాకు ముందే తెలుసులే బాబూ, కూకో” అని చెప్పగలిగిన మనిషి ఆ చర్చిలో ఒక్కరూ మిగల్లేదు.