సైదులు నడిచిన పైపులైను

ముందుగా కోటప్పకొండ వైపు తిరిగి, పంచాయతీ రబ్బరు స్టాంపు నెత్తిన పెట్టుకుని ప్రమాణం చేస్తున్నాను: కింద రాసిన ప్రతి అక్షరం నిజం. నన్ను ఎరిగినవాళ్లు ఈ మాట చదవగానే నవ్వుతారు. మా ఆవిడైతే, "మీరు ఒట్టేశారంటేనే నాకు అనుమానం" అంటుంది. అయినా ఒట్టు ఒట్టే.

కరోనా మాస్కులు గూట్లోకి ఎక్కాక వచ్చిన రెండో ఎండాకాలం అది. నేను బెల్లంకొండకీ అచ్చంపేటకీ మధ్య ఒక ఊళ్లో పంచాయతీ సెక్రటరీని. ఊరి పేరు చెప్పను. చెబితే రేపు నా బండి టైర్లలో గాలి ఉండదు. ఆ ఏడు ఎండ ఎట్టా ఉందంటే, కిటికీలో పెట్టిన స్టాంపు ప్యాడులో సిరా ఆవిరైపోయి, సర్టిఫికెట్ల మీద ముద్ర కొడితే తెల్లగా పడేది.

సెక్రటరీ పనేమిటని చాలామంది అడుగుతుంటారు. వీధి దీపం ఆరినా, మురుగు పొంగినా, ఎవరైనా పుట్టినా పోయినా రాసుకునేది మేమే. తీర్మానాల పుస్తకం మా చేతిలో ఉంటుంది. అందులో ఏం రాయాలో చెప్పేది మాత్రం వేరేవాళ్లు.

ఆ ఏడే ఒక యూనివర్సిటీ పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ డిపార్ట్‌మెంటుతో మా పంచాయతీకి ఎంఓయూ కుదిరింది. ఎంఓయూ అంటే "కలిసి పనిచేద్దాం" అని రెండు పక్షాలూ సంతకాలు పెట్టి, ఫోటో దిగి, బీరువాలో దాచే కాయితం. అలాంటివి నా బీరువాలో చాలానే ఉన్నాయి. ఈసారి మాత్రం కాయితం వెనకాలే మనుషులు వచ్చారు: ప్రొఫెసర్ వసుంధర గారు, ఆమె దగ్గర ఎం.ఏ. చదివే ఎనిమిది మంది. పరిపాలన గురించి తరగతిలో చదివింది చాలదు, అది జరిగే చోట ఊరివాళ్లతో కలిసి ఒక పని చేసి చూడాలని ఆమె పద్ధతి. మూడో భాగస్వామి మా ఊరి డ్వాక్రా మహిళల సంఘం.

చేయాల్సింది నీళ్ల పటం. ఏ ఇంటికి కుళాయి నీళ్లు వస్తున్నాయి, ఏ ఇంటికి రావడం లేదు అన్నది తేల్చాలి. ఆ ఏడు ఊరికి ఒక్క కొత్త పైపులైను మంజూరయ్యే వీలుంది. అది పైబజారుకి రెండో లైనుగా పోవాలా, క్వారీ కాలనీకి పోవాలా అన్నది శనివారం గ్రామసభలో, అంటే ఊరంతా కూర్చునే సభలో, తేలాలి. తీర్మానానికి పటం జతచేసి పంపకపోతే లైను పక్క ఊరికి పోతుంది.

క్వారీ కాలనీలో ఉండేది నాపరాళ్లు కొట్టే కుటుంబాలు. రికార్డు ప్రకారం అక్కడ ఇంటింటికీ కుళాయి ఉంది. కుళాయిలు నిజంగానే నిలబడి ఉన్నాయి కూడా. ప్రెజరు చాలక నీళ్లు చివరిదాకా అందడం లేదని నేను అనుకునేవాణ్ణి. ఆ కాలనీలో కోటమ్మ అనే ఆమె తన కుళాయికి మేకని కట్టేసేది. నీళ్లకి క్వారీ గుంటలోకి దిగాలి. తడిసిన రాతి మెట్ల మీద నడక సబ్బు బిళ్ల మీద నడకే. అంతకుముందు ఏడు ఒకామె జారి తుంటి విరగ్గొట్టుకుంది. కోటమ్మ కోడలికి అప్పుడు ఏడో నెల. ఆ పిల్లని దిగనివ్వకుండా కోటమ్మే బిందె తరవాత బిందె మోసేది.

సోమవారం పొద్దున యూనివర్సిటీ వాళ్లు సత్తెనపల్లి బస్సు దిగారు. మా సర్పంచి ఆంజనేయులు గారు మర్యాదస్తుడు. ఎదురెళ్లి, ఇంటికి తీసుకుపోయి, అరుగు మీద కూర్చోబెట్టి టీ ఇప్పించారు. సరిగ్గా అక్కడే పని చెడింది.

మా ఊళ్లో రెండు పార్టీలు. కొత్తమనిషి మొదటి టీ ఎవరింట్లో తాగితే ఆ మనిషి ఆ పార్టీ. ఆ తర్వాత ఎన్ని ఇళ్లలో ఎన్ని టీలు తాగినా మొదటిది కడుపులోంచి పోదు. మా ఊరి కుక్కలు కూడా పక్క పార్టీ వీధిలో మొరగాల్సి వస్తే సందు చివర నిలబడి ఇటునుంచే మొరుగుతాయి. నేను ఉద్యోగంలో చేరిన రోజు టీ బస్టాండు కొట్లో తాగాను కాబట్టే ఇంకా ఉద్యోగం చేస్తున్నాను. ఈ సంగతి వసుంధర గారికి ముందే చెప్పాల్సింది. చదువుకున్నవాళ్లకి టీ గురించి ఏం చెబుతాంలే అనుకున్నాను.

విద్యార్థులు ట్యాబులు పట్టుకుని ఇంటింటికీ తిరిగారు. సర్పంచి పార్టీ ఇళ్లలో, "నీళ్లకేందమ్మా, వరదలే" అన్నారు. అవతలి పార్టీ ఇళ్లలో, "చుక్క రాదు, రాసుకో" అన్నారు. ఒకచోట విడిపోయిన అన్నదమ్ములకి ఒకే గోడ, ఒకే కుళాయి. అన్న వస్తున్నాయన్నాడు. తమ్ముడు రావడం లేదన్నాడు.

"కుళాయి ఒకటే కదండీ?" అని అడిగింది ఒక విద్యార్థిని.

"కుళాయి ఒకటే. బిందెలు రెండు గదా," అన్నాడు తమ్ముడు. ఆ అమ్మాయి అదీ రాసుకుంది.

గురువారం సాయంత్రానికి పటం తయారైంది. నీళ్లొచ్చే ఇల్లు ఆకుపచ్చ, రానిది ఎరుపు. వసుంధర గారు ట్యాబు నా ముందు పెట్టి, "సెక్రటరీ గారూ, పక్కపక్క ఇళ్లకి ఇంత తేడా ఎలా వస్తుంది? కింద పైపుల్లో ఏమైనా తిరకాసు ఉందా?" అన్నారు.

చూడగానే నాకు సంగతి తెలిసిపోయింది. "మేడం, ఇది నీళ్ల పటం కాదు. మొన్నటి పంచాయతీ ఎన్నికల్లో ఎవరు ఎటు గుద్దారో ఆ పటం. పోలింగు ఏజెంట్లు కూడా ఇంత శుభ్రంగా చెప్పలేరు."

అంతకన్నా ఘోరం, క్వారీ కాలనీ మొత్తం పచ్చగా ఉంది. వాళ్లు పనిచేసే క్వారీ సర్పంచి గారి బావమరిదిది. కోటమ్మ చంకలో ఖాళీ బిందెతోనే నిలబడి, "బాగానే వస్తున్నయ్యమ్మా" అని చెప్పిందట. ఆ పటం అట్టాగే పోతే కాలనీకి లైను అక్కర్లేదని యూనివర్సిటీ ముద్రతో మేమే తేల్చినట్టు.

ఆమె కోప్పడతారేమో అనుకున్నాను. ట్యాబు పక్కన పెట్టి, "వాళ్ల తప్పేం లేదండీ. మేం ఎవరి అరుగు మీంచి లేచి వచ్చామో వాళ్లు చూశారు. ఈ ఊళ్లో ఏ పార్టీకీ చెందని మనిషి ఎవరైనా ఉన్నారా?" అన్నారు.

"ఒకడున్నాడు మేడం. రెండు పార్టీల చేతా సమానంగా తిట్లు తినేవాడు."

వాడే సైదులు, మా వాటర్‌మన్. భూమిలో పైపులకి అక్కడక్కడా వాల్వులు ఉంటాయి. పొడుగాటి ఇనప కీతో వాటిని తిప్పి ఈ పూట ఈ వీధికి, ఆ పూట ఆ వీధికి నీళ్లు వదలడం అతని పని. ముప్పై ఏళ్లుగా అదే పని. ఊళ్లో పైపులు ఎటు పోతున్నాయో చూపించే డ్రాయింగు నా ఆఫీసులో లేదు, మండలంలో లేదు, ఎక్కడా లేదు.

శుక్రవారం పొద్దున ఊరి నీళ్ల ట్యాంకు కింద వసుంధర గారు నేల మీదే చతికిలబడి కూర్చుని, "సైదులు గారూ" అని పిలిచారు. ఆ 'గారు' ఎవరా అని సైదులు వెనక్కి తిరిగి చూశాడు.

"పైపులు ఎటెటు పోతున్నాయో గీసి చూపిస్తారా?"

"గీయడం రాదు మేడం. కాయితం మీద నాకు ఊరు కనపడదు. నడిస్తే కనపడతది."

"అయితే నడుద్దాం."

డ్వాక్రా ఆడవాళ్లు బకెట్లతో ముగ్గు తెచ్చారు. సైదులు చెప్పులు విడిచాడు. కళ్లు మూసుకుని, "నేను గోడకి కొట్టుకోకుండా చూడండి చాలు" అని కదిలాడు. అతని అడుగుల వెనకే ఆడవాళ్లు ముగ్గు పోస్తూ వచ్చారు. "ఈడ టీ జాయింటు, పైపు రెండుగా చీలతది. ఈడ ఆరంగుళాలది నాలుగంగుళాలు అవుతది. ఈడ ఇల్లు కట్టక ముందు లైనేశారు, పైపు ఇప్పుడు వాళ్ల వంటింటి కింద ఉంది." ఆ ఇంటావిడ పొయ్యి దగ్గర్నించి ఒక్క గెంతు గెంతింది.

పైబజారు మలుపులో ఆగాడు. "ఈడ పైపు వంపు, ఎల్బో. పగిలితే సైకిల్ ట్యూబుతో కట్టా. ఎర్ర ట్యూబు. మా తమ్ముడి సైకిల్‌ది."

"ఏందిరా సైదులూ, సోది చెబుతున్నావా?" అన్నారు, గుంపుతో పాటు చూడ్డానికి వచ్చిన సర్పంచి గారు. అవతలి పార్టీ పెద్దాయన కూడా, "తవ్వి చూపించమనండి" అన్నాడు. ఆ ఇద్దరూ ఒక మాట మీదికి రావడం నా సర్వీసులో అదే మొదలు. గునపం తెప్పించి మోకాల్లోతు తవ్వారు. తడి మట్టిలోంచి ముందు ఎల్బో వంపు కనపడింది. తర్వాత, చుట్టలు చుట్టిన ట్యూబు. ఎర్రది.

తలెత్తి వెనక్కి చూస్తే వీధులన్నిట్లో తెల్లని గీత. ఇన్నేళ్లూ నేను చెప్పులేసుకుని టకటకా నడిచిన నేల కింద ఇంకో ఊరుంది. దాన్నంతా ఈ మనిషి ఒంట్లో మోసుకు తిరుగుతున్నాడు. ఆ గీత ఈ పార్టీ గుమ్మం ముందు నుంచి ఆ పార్టీ గుమ్మం ముందుకి, ఎవర్నీ అడక్కుండా, వరసగా పోతోంది. ఎం.ఏ. పిల్లలు ట్యాబులు చంకలో పెట్టుకుని చేతులు కట్టుకు నిలబడ్డారు.

గీత క్వారీ కాలనీ దాకా వెళ్లింది. మొదటి ఇంటికి ఇంకా యాభై అడుగులుందనగా సైదులు ఆగి కళ్లు తెరిచాడు.

"ఇంతేనండి."

"ఇంతేందయ్యా, కాలనీ ఇంకా ముందుంది గదా?" అన్నాను.

"ఆడ పైపు లేదు సార్. ఉత్త మట్టే." కోటమ్మ గుమ్మం ముందుకి పోయి, మేకని విప్పి, కుళాయి గొట్టాన్ని రెండు చేతుల్తో పట్టి లాగాడు. ముల్లంగి దుంప ఊడినట్టు ఊడొచ్చింది. కింద ఏమీ లేదు. నేను ఆ ఊరు రాకముందు ఎవరో కాంట్రాక్టరు కుళాయిలు పాతి, ఫోటోలు తీసుకుని పోయాడు.

"ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలా సైదులూ?"

"అందరూ 'నీళ్లు వదిలావా లేదా' అని అడిగారు సార్. వదిలా అన్నా. పైపు ఏడిదాకా ఉందని ఎవరూ అడగలా."

వసుంధర గారు ఆ మాట ఉన్నదున్నట్టు రాసుకున్నారు. ముగ్గు చూసి విద్యార్థులు కొత్త పటం గీశారు. దాని కింద తయారుచేసినవారి పేర్లలో ముందు సైదులుది, తర్వాత డ్వాక్రా సంఘానిది, చివర డిపార్ట్‌మెంటుది. "రేపు సభలో మీరే చెప్పండి మేడం" అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపి, "మేం చెబితే అది మేం తాగిన టీ చెప్పినట్టే అవుతుంది. ఊరే చెప్పాలి" అన్నారు.

శనివారం గ్రామసభ. సర్పంచి గారు, "పైబజారు లైను అని రాయవయ్యా సెక్రటరీ" అన్నారు. అప్పుడు నేను లేచాను. పుస్తకం మూసి, "సర్పంచి గారూ, ముగ్గు మీ గుమ్మం ముందు నుంచే పోయింది. ఏడ ఆగిందో మీరూ చూశారు. అసలు పైపే లేనిచోటికి పోకుండా ఉన్నచోటే రెండోది వేయమంటే నేను రాయను" అన్నాను. ఒక్కొక్క చెయ్యీ లేచింది. తీర్మానం కాలనీకే అయింది. లైను పడేసరికి కోటమ్మ మనవరాలు బోర్లా పడుతోంది. ఆలస్యమే, కానీ పడింది. ఇప్పుడు వాళ్లింటి ముందు కుళాయికి కింద పైపుంది, మేకకి వేరే గుంజ ఉంది.

ఈ వ్యవహారం నాకు నేర్పింది ఇది. యూనివర్సిటీ ఊరితో కలిసి పనిచేయడమంటే తెలిసినవాళ్లు వచ్చి తెలియనివాళ్లకి చెప్పడం అనుకునేవాణ్ణి. తెలిసినవాడు ఊళ్లోనే ఉంటాడు, ఇనప కీ పట్టుకుని. అతని ముందు నేల మీద కూర్చుని, 'గారు' అని పిలిచి, సరైన ప్రశ్న అడగడానికి ఎవరో ఒకరు రావాలి.

ఇక ఒట్టు సంగతి. సిరా ఆవిరవడం, కుక్కల పార్టీలు అబద్ధాలని మీకు తెలుసు. అవి లెక్కలోకి రావు. సైదులు కళ్లు మూసుకుని నడవడం, ఎర్ర ట్యూబు, ఊడొచ్చిన కుళాయి, మూడూ నిజం. నేను కల్పించింది ఒక్కటే, సభలో నేను లేచానన్నది.

నేను లేవలేదు. ట్రాన్స్‌ఫర్ భయం. సర్పంచి గారు రాయమనగానే పెన్ను క్యాపు తీశాను కూడా. లేచింది కోటమ్మ. "సోమవారం ఈ పిల్లలకి నీళ్లొస్తున్నయ్యని నేనే చెప్పా. పని పోద్దని అబద్ధం చెప్పా. ఇప్పుడు అందరి ముందూ చెబుతున్నా, రావట్లా. ఎప్పుడూ రాలా. రాసుకో సెక్రటరీ," అంది. ఆమె వెనక కాలనీ మొత్తం లేచి నిలబడింది. సర్పంచి గారు ఆ నిలబడ్డవాళ్ల వైపు చూసి, "రాయవయ్యా" అన్నారు.

రాశాను. ఆమె చెప్పింది చెప్పినట్టే. నా సొంతంగా ఒక్క ముక్క కూడా కలపకుండా ఈ సర్వీసులో నేను రాసింది అదొక్కటే.