నౌపడలో దిగిన ఆడపడుచులు

కొత్తకోడళ్లు అత్తారింట్లో పాలు పొంగించేస్తారు, పప్పు మాడ్చేస్తారు. అవన్నీ చిన్నపిల్లల ఆటలు. నేను ఏకంగా ఇద్దరు ఆడపడుచుల్ని నడిరోడ్డు మీద వదిలేశాను. అదీ నా సంగతి తేల్చడానికి వాళ్లు వచ్చిన రోజునే! నవ్వుకోండి, నాకేం సిగ్గులేదు.

మాది పలాస. టెక్కలికి కోడలిగా వస్తూ చీరలతోపాటు ఒక బైనాక్యులర్ కూడా తెచ్చుకున్నాను. ఆశ్వయుజం వచ్చిందంటే చాలు, తెల్లారగానే రావివలస కొండెక్కి, వలస వచ్చే గూడబాతుల కోసం, ఎర్రకాళ్ల కొంగల కోసం ఆకాశాన్ని జల్లెడ పట్టేదాన్ని. మా అత్తమ్మకది సుతరామూ నచ్చలేదు.

"కోడలు కొండలెక్కుతందని ఊరంతా నవ్వుతన్నారు. పెద్దది రానీ, నీ సంగతి అదే తేలుస్తాది" అంది.

పెద్దదంటే మా పెద్దాడపడుచు. ఆవిడ వద్దంటే మా ఆయనా వద్దంటాడు. నా పొద్దులన్నీ ఆవిడ నోటి మాట మీద ఉన్నాయన్నమాట.

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. నౌపడ పక్క పల్లెల్లో ఈ పక్షుల్ని ఆడపడుచులంటారు. ఏటా పుట్టింటికొచ్చి పిల్లల్ని కని, వాటికి రెక్కలొచ్చాక వెంటబెట్టుకు వెళ్తాయి కదా మరి! ఈ ముక్క నేనే తెలివితక్కువగా అత్తమ్మ చెవిన వేశాను. ఇక రోజూ దెప్పుడే: "సూసొచ్చినావా నీ ఆడపడుసుల్ని?"

ఒక పొద్దున్న కొండమీద ఉండగా అత్తమ్మ ఫోన్ చేసింది.

"అమ్మీ, నీ ఆడపడుసులు నౌపడలో దిగినారట. బేగెల్లు!"

నాకు ఒళ్లు పులకరించింది. అత్తమ్మ తనంతట తానే నన్ను పక్షుల దగ్గరికి పంపుతోంది!

"ఎంతమందత్తమ్మా?"

"ఇద్దరే. ఎంతమందుండాలేటి?"

"పర్లేదులెండి. దసరా ఎల్లాక గుంపులుగా దిగిపోతారు."

"గుంపులా? ఆళ్లందరికీ ఏటి పెడతావే?"

"మనమేటీ పెట్టక్కర్లేదు. సెరువులో దిగి సేపలు పట్టుకుని ఆళ్లే తినేత్తారు."

అవతల "ఓలమ్మో!" అని వినబడింది. అంతలో సిగ్నల్ పోయింది.

స్కూటీ తీశాను. నౌపడ స్టేషన్ ముందునుంచే వెళ్లాను కూడా. ఎవరో ఇద్దరాడవాళ్లు చేతులూపారు. నా చూపంతా ఆకాశంలో ఉంది కాబట్టి మొహాలు చూడకుండా నేనూ ఓ చెయ్యి ఊపేసి సాగిపోయాను. ఉప్పుమడి గట్టు వెనక బోర్లా పడుకుని బైనాక్యులర్ పెట్టుకున్నానో లేదో, చిన్నాడపడుచు ఫోన్.

"వదినా, సెయ్యూపి ఎలిపోనావేటి?"

"ష్! మెల్లగా మాటాడమ్మా. ఆడపడుసులు బెదిరిపోతారు."

"ఆడపడుసులం మేమే కదా!"

బైనాక్యులర్ రోడ్డువైపు తిప్పాను. ముందు సూట్‌కేసు కనబడింది, తర్వాత బురద కాళ్లు, ఆపైన పెద్దవదిన మొహం. కోపంలో ఉన్న ఆ మొహాన్ని అంత దగ్గరగా ఎవరూ చూడకూడదు. ఆదివారం రావలసినవాళ్లు ముందే దిగిపోయారట.

తీర్పు అక్కడికక్కడే వచ్చేసింది.

"రేపట్నుంచి కొండా లేదు, కొంగా లేదు. పుట్టింటికొచ్చిన ఆడపడుసులకి ఎదురురాని కోడలు కోడలేనా?"

గట్టు మీంచి లేచాను. బట్టలనిండా ఉప్పుమన్ను. భయం వేసింది కానీ, అంతకన్నా ఎక్కువ ఒళ్లు మండింది.

"సరే వదినా, మీరు పుట్టింటికొత్తే ఎదురు రాకపోవడం తప్పే. మరి ఆళ్లు పుట్టింటికొత్తే ఎదురెల్లొద్దంటారేటి? ఆడపడుసంటే ఆడపడుసే కదా!"

చిన్నామె ఫక్కున నవ్వింది. పెద్దవదిన సూట్‌కేసు తెచ్చి నా స్కూటీ మీద పెట్టింది. పుట్టింటికి రాకపోకల విషయంలో అడ్డం మాట్లాడ్డానికి ఏ ఆడపడుచుకి నోరొస్తుంది చెప్పండి?

"ఎల్లు. ముందు మమ్మల్ని ఇంటికాడ దింపేసి ఎల్లు" అంది చివరికి.

ఈ ఏడూ కొండెక్కుతూనే ఉన్నాను. ఏ ఆడపడుచులో అడక్కుండా కదలనని ఆ రోజు ఉప్పుగట్టు మీద తూర్పుకు తిరిగి చేసిన ప్రమాణమూ తప్పలేదు. ఆడపడుచులు దిగారని ఎవరన్నా సరే, "ముక్కు పొడవా?" అని ఛస్తే అడగను. పెద్దవదిన ముక్కూ కాస్త పొడవే, సూటిగా తగులుతుంది. "టిక్కెట్టు కొని వచ్చారా?" అని మాత్రమే అడుగుతాను.