రెండంచుల పెళ్లిచీర

“నిద్దట్లో ఏ బాసలో కలవరిస్తాడు మే, నీ మొగుడు?”

పెళ్లయిన మూడో నెలలో చూడటానికి వచ్చిన లక్ష్మీదేవమ్మ కూతుర్ని అడిగిన మొదటి మాట ఇది. బాగున్నావా అని కాదు, తింటున్నావా అని కాదు. మనిషి పగలు ఎన్ని మాటలైనా నేర్చుకుంటాడు గానీ నిద్రలో మాత్రం సొంతూరికే పోతాడని, అక్కడ ఎవరి పేరు పలుకుతాడో వింటే గుట్టు బయటపడుతుందని ఆమె లెక్క.

“గురక పెడతాడు. గురకకు బాస ఉండదులే మా,” అంది ప్రమీలారాణి.

ప్రమీలారాణి పుట్టింది రాజంపేట దగ్గర ఒక మగ్గాల ఊళ్లో. తండ్రి తిమ్మయ్య నూలు చీరలు నేసేవాడు. ఇంటర్ తప్పాక ఆమె కర్నూల్లో పెద్దమ్మ ఇంటికి చేరి, పాతబస్తీలో ఒక బట్టల షాపులో పనికి కుదిరింది. ఆ సందులోనే సర్జేరావు కొట్టు. అతనిది మహారాష్ట్రలో సాంగ్లీ జిల్లా. చిన్నప్పుడే మేనమామ వెంట వచ్చి, పాత నగలు కరిగించి మేలిమి బంగారం తీసే పని నేర్చుకున్నాడు. ఆ పని చేసేవాళ్లందరినీ కర్నూల్లో సేటు అనే పిలుస్తారు. ఈ సేటుకు ఉన్నదల్లా పదడుగుల అద్దె కొట్టు, ఒక కొలిమి, ఆసిడ్ పొగ మింగిన దగ్గు. రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్లి జరిగింది. ప్రమీలారాణి తమ్ముడు హరినాథ్ రాలేదు. వచ్చిన వాళ్లు కూడా సంతకాలు చేశాక టీ తాగకుండానే పోయారు.

ఇలాంటి పెళ్లిళ్ల గురించి సభల్లో మాట్లాడేవాళ్లు రెండు సంస్కృతుల సంగమం అంటూ ఉంటారు. సంగమం సంగతేమో గానీ, ఆ ఇంట్లో మొదటి ఏడాదంతా జరిగింది సోదా. సర్జేరావు పనిలో వేసుకునే చొక్కాలు, లుంగీలు ఉతకనిచ్చేవాడు కాదు. మాసి, కొలిమి మసి పట్టి, అక్కడక్కడా ఆసిడ్ తిన్న గుడ్డలన్నీ ఒక గోతంలో కుక్కి, మూతి కట్టి, మంచం కింద దాచేవాడు. ఉతకని గుడ్డలు దాచుకునే మనిషిలో ఏదో ఉందని లక్ష్మీదేవమ్మ తేల్చేసింది. ప్రమీలారాణికీ అనుమానమే. ఒకరోజు గోతం విప్పి చొక్కాలు ఒక్కొక్కటే దులిపి చూసింది. ఆడదాని వెంట్రుక కోసం. దొరకలేదు. ఏడాది చివర సర్జేరావు ఆ గోతాన్ని కొట్టుకు తీసుకుపోయి మొత్తం కాల్చి, బూడిద కడిగి, అందులోంచి కందిగింజంత బంగారం తీసి తెచ్చి చూపించాడు. పని చేసేటప్పుడు ఎగిరిన పొడి గుడ్డల్లో చేరుతుందట.

“నువ్వు దులిపినావు చూడు, దాంతో కొంచెం పోయింది,” అన్నాడు.

అంటే గోతం విప్పిన సంగతి ఇతనికి తెలుసు. తెలిసీ ఏడాదంతా ఊరుకున్నాడు. అది ఇంకో అనుమానానికి మొదలు.

అతని అత్తింటివాళ్లు మింగలేని సంగతి మరొకటి ఉంది. బంగారమే కాదు, సర్జేరావు పాత జరీ చీరలు కూడా కాల్చేవాడు. ఊరూరా తిరిగి పాత చీరలు కొనేవాళ్లు తెచ్చి పోస్తే, అంచులు కాల్చి, బూడిద మూసలో కరిగించి వెండి తీసేవాడు. మామ నేస్తాడు, అల్లుడు కాలుస్తాడు. తిమ్మయ్య ఒకేఒకసారి ఆ కొట్టుకు వచ్చాడు. మంటల్లో ముడుచుకుపోతున్న అంచులను కాసేపు చూసి, టీ వద్దని చెప్పి బస్టాండుకు నడిచిపోయాడు. చనిపోయేదాకా మళ్లీ రాలేదు.

తిమ్మయ్య పోయాక హరినాథ్ మగ్గాలు అమ్మేశాడు. లక్ష్మీదేవమ్మ ఒక ట్రంకు పెట్టెతో కర్నూలు చేరింది. పెట్టె అడుగున ఆమె పెళ్లిచీర. పెళ్లికూతురి చీర పెళ్లికొడుకు తన చేత్తో నేయడం వాళ్ల ఇంటి పద్ధతి. నలభై ఆరేళ్ల కిందట తిమ్మయ్య నేసిన ఎర్ర నూలు చీర అది, రెండు వైపులా బెత్తెడు జరీ అంచు. చీరలు కాల్చేవాడి ఇంట్లో ఆ పెట్టె పెట్టుకుని ఆమె తాళంచెవి కొంగుకు కట్టుకుంది. రెండో తాళంచెవి కూతురికిచ్చి వంటింటి మేకుకు తగిలించమంది. అల్లుడికి అందే ఎత్తులో వద్దు అని కూడా చెప్పింది. సర్జేరావు ఆరడుగుల మనిషి.

ఏటా ఒకసారి ఆలుమగలు సాంగ్లీ వైపు పోయి నాలుగు రోజులుండి వస్తారు. పోయినేడాది లక్ష్మీదేవమ్మ తానూ వస్తానంది.

“పెండ్లయి పందొమ్మిదేండ్లాయె. ఆ ఊర్లో ఇంకో సంసారం ఉండాదో ల్యాదో నా కంటితో నేను చూడల్ల.”

“ఉంటే?” అంది ప్రమీలారాణి నవ్వుతూ.

“ఉంటే తెలుస్తాది గదా.”

ప్రయాణం ముందురోజు సాయంత్రం, ముసలామె పక్కింటికి పోయినప్పుడు, ప్రమీలారాణి శాలువా కోసం మేకు మీది తాళంచెవితో ఆ పెట్టె తెరిచింది. చీర చుట్టి ఉంచే పాత దుప్పటి ముక్క ఉంది. లోపల చీర లేదు.

పెట్టె మూసి అక్కడే కూర్చుంది. అప్పుడు ఒకటొకటే గుర్తొచ్చాయి. మూడు వారాల కిందట సర్జేరావు నుంచి రోజూ వచ్చే ఆసిడ్ వాసన కాకుండా కాలిన నూలు వాసన వచ్చింది. తినడానికి పిలిస్తే తప్ప మాట్లాడుకోని అత్తా అల్లుడూ రెండుసార్లు తనను చూసి మాట ఆపేశారు. ఇన్నాళ్లకు కలిశారని అప్పుడు తాను సంబరపడింది కూడా. అమ్మను మంచి చేసుకుని, నమ్మించి, చీర తీసుకుపోయి కాల్చేశాడా? వెండి ధర ఎంతుందో ప్రమీలారాణికి తెలుసు. కొట్టు అద్దె రెండు నెలలు ఆగిందనీ తెలుసు.

అమ్మను అడగలేదు. అడిగితే, తెలియని సంగతి తానే తెలిపినట్టవుతుంది. అమ్మ ఇల్లు వదిలి హరినాథ్ దగ్గరికి పోతుంది, అందరూ చెప్పిందే నిజమైందని ఊరంతా అంటుంది. మొగుడినీ అడగలేదు. పందొమ్మిదేళ్లుగా అతని తరఫున అందరికీ జవాబు చెప్పిన మనిషి, ఇప్పుడు తానే ప్రశ్న వేస్తే వచ్చే జవాబును ఎలా నమ్మాలి?

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి మంత్రాలయం, అక్కణ్నుంచి ఆటోలో మంత్రాలయం రోడ్డు స్టేషను.

“మఠం ముందర దిగి సామిని చూడకుండా రైలెక్కిస్తాండాడంటే ఏదో ఉండాది,” అంది లక్ష్మీదేవమ్మ.

“రైలు టైమయితాంది, అదే ఉండాది అత్తా,” అన్నాడు సర్జేరావు.

రాయచూరు దాటాక సర్జేరావుకు బీపీ మాత్ర గుర్తొచ్చింది. బ్యాగులో ఉంది తీసివ్వమని కళ్లు మూసుకున్నాడు. మాత్రల కవరులో రెండు కాగితం పొట్లాలు కనిపించాయి. పైన మరాఠీ రాత. అది చదవడం ఆమెకు ఎప్పుడో వచ్చింది. ఒకదాని మీద “అత్తగారిది, కింది అంచు” అని, రెండోదాని మీద “అత్తగారిది, పై అంచు” అని ఉంది.

“ఇదేంది?”

సర్జేరావు కళ్లు తెరిచి పొట్లాలు చూశాడు. తర్వాత అత్తను చూశాడు.

“మాత్ర ఇయ్యి ముందు.”

“మాత్ర తర్వాత. మా అమ్మ పెండ్లిచీర కాల్చినావా ల్యాదా?”

“కాల్చినా.”

అంత తేలిగ్గా ఒప్పుకుంటాడని ఆమె అనుకోలేదు. ఎదుటి సీటు పెద్దమనిషి పేపరు మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు.

“ఇన్నేండ్లు నీ గురించి అందరితో నేను వాదులాడితి. దీనికేనా?”

“అరవద్దు మే, అందరూ చూస్తాండారు,” అని లక్ష్మీదేవమ్మ కాళ్ల దగ్గరున్న జొన్నరొట్టెల మూట ఎత్తి సీటు మీద పెట్టి ముడి విప్పింది. “చీర ఈడే ఉండాది, చూడు.”

రొట్టెలు కట్టిన గుడ్డ వెలిసిన ఎరుపు. రెండు వైపులా అంచులు కోసేసి ఉన్నాయి.

“నేనే కాల్చమంటి. మీ నాయన మూడు నూర్లు అప్పుజేసి రెండంచులకూ అసలు జరీ తెచ్చినా అని చెప్పె. పెండ్లయిన మూడో నెల్లో ఆ అప్పు కిందికని నా కమ్మలు పోయె. జరీకే పోయినాయో, రాజంపేటలో పేకాటకే పోయినాయో, ఇన్నేండ్లూ నాకు తెలీకపాయె.”

“నాయన్ను అడగకపోతివా?”

“అడిగితి. అసలుదే అనె. మోసం చేసినోడూ అదే అంటాడు గదా.”

ప్రమీలారాణి మొగుడి వైపు తిరిగింది. “రెండు పోగులు ఆసిడ్‌లో వేస్తే తేలిపోయేదానికి మొత్తం ఎందుకు కాల్చినావయ్యా?”

“నేనూ అదే అంటి. కనపడే చోట రెండు పోగులు మంచివి పెట్టింటేనో అని మీ అమ్మ అడిగె. అదీ నిజమే గదా.”

“నీకు చెబితే కాల్చనిస్తావా నువ్వు?” అంది లక్ష్మీదేవమ్మ కూతురితో. “అందుకే చెప్పొద్దని ఒట్టు పెట్టించుకుంటి. కూలి కూడా మాట్లాడుకుంటి, అయిదు నూర్లు. చుట్టరికానికి చేసే పని నేను నమ్మను. చెప్పప్పా సేటూ ఇంక, మూడు వారాలాయె నాన్చబట్టి.”

అంటే సంగతి ఆమెకూ ఇంకా తెలియదు. సర్జేరావు పొట్లాలు రెండూ విప్పి అరచేతిలో పెట్టాడు. ఒకదాంట్లో తెల్లటి వెండి గుండు. ఇంకోదాంట్లో ఎర్రటి ముద్ద.

“కింది అంచు ఎండి అత్తా. మంచి ఎండి. పై అంచు రాగి.”

కట్టుకున్నప్పుడు నలుగురికీ కనపడేది కింది అంచే. పై అంచు నడుము దగ్గర లోపలికి పోతుంది, మిగిలింది పమిట మడతల్లో నలుగుతుంది. ఆ లెక్క చీరలు నేసే ఇంట్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు. లక్ష్మీదేవమ్మ వెండి గుండును ముట్టుకోలేదు. రాగిముద్ద తీసుకుని వేళ్లతో తిప్పి తిప్పి చూసింది.

“సగం,” అంది. “మరి నూటయాభై యాడికి పాయె?”

“అంగడాయన మోసం చేసింటాడేమో అత్తా.”

“నా మొగుడు జరీ తెలీనోడా?” అని కసిరింది. కాసేపటికి మళ్లీ అల్లుడి ముఖంలోకి చూసింది. “నువ్వు మార్చలేదని ఏం గ్యారంటీ?”

“మార్చేవాణ్నయితే రెండూ ఎండే అని చెప్పి నిన్ను సంతోషపెట్టిండేవాణ్ని గదా. అట్లే చెబ్దామని మూడు వారాలు చూసినా. నోరు రాలేదు.”

ముసలామె ఆ మాటను కూడా నాణెంలా అటూ ఇటూ తిప్పి చూసినట్టే ఉంది. రొట్టె తుంచి ఊరిబిండి పచ్చడి అద్ది ముందు అల్లుడికే ఇచ్చింది. అది నమ్మకమో, రొట్టెలు ఎండిపోతున్నాయనో, చెప్పడం కష్టం.

సర్జేరావు రొట్టె పట్టుకుని పెళ్లాం వైపు తిరిగాడు.

“నేను కాల్చి అమ్ముకున్నాననుకున్నావు.”

“అనుకున్నా.”

“ఎప్పటినుంచి?”

“నిన్న సాయంత్రం నుంచి.”

అతను తలూపాడు. మాత్ర అడిగి తీసుకుని మింగాడు. మిగతా మాత్రల కవరు కూడా ఆమె చేతిలోంచి తీసుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆ రోజు నుంచి ఆ కవరు అతని జేబులోనే ఉంటోంది. ఏ పూట మాత్ర అయినా తానే తీసుకుంటున్నాడు.

సాంగ్లీ వైపు ఆ పల్లెలో లక్ష్మీదేవమ్మ నాలుగు రోజులూ ఖాళీగా కూర్చోలేదు. ప్రతి గదిలోకీ పోయి చూసింది, దండెం మీది చీరలెన్నో, అవి కట్టే ఆడవాళ్లెందరో లెక్కేసింది. రెండో సంసారం దొరకలేదు. సర్జేరావు తల్లి కూడా తక్కువదేం కాదు. ఈమె ఎన్ని రోజులుంటుందని, పెట్టెలెందుకు తెరుస్తోందని కోడల్ని మరాఠీలో అడిగింది. ప్రమీలారాణి ఇటు మాట అటు, అటు మాట ఇటు కొంచెం తగ్గించి చెబుతూ వచ్చింది. వెళ్లేరోజు ఇద్దరు ముసలివాళ్లూ ఒకరి రొట్టె మందం ఒకరు వెక్కిరించుకుని విడిపోయారు.

కర్నూలు వచ్చాక లక్ష్మీదేవమ్మ వెండి గుండును పెట్టెలో వేసి తాళం పెట్టింది. రాగిముద్దను మాత్రం దేవుడి గూట్లో తిమ్మయ్య ఫోటో ముందు పెట్టింది, అతను రోజూ చూసేటట్టు. రెండో తాళంచెవి మేకు మీది నుంచి మాయమైంది. ఎవరు తీశారని ఎవరూ అడగలేదు.

మరుసటి నెల పింఛను రాగానే ఆమె అల్లుడికి రెండు వందల యాభై రూపాయలు ఇచ్చింది.

“అయిదు నూర్లు గదా అత్తా.”

“సగం జరీకి సగం కూలే,” అంది.

మిగతా రెండు వందల యాభై ఇంతవరకూ ఇవ్వలేదు.